స్నానాలగదిని చీకటిగదిగా మార్చకండి

మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు, వీటి గురించే మనం ఇక్కడ ఎక్కువగా ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈ పర్యాయం విషయం వేరు. ఇంట్లో ఫొటోలు కడగడం గురించి రాస్తున్నాను. "సెల్‌ఫోన్ల కాలంలో ఇంకా ఫొటోలు కడిగేదెవరు డాక్టరుగారూ?" అని మీరు నవ్వవచ్చు. కడుగుతున్నారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాహాళ్ళ పేర్ల చివర 35 ఎం.ఎం., 70 ఎం.ఎం. అన్న అంకెలు మిగిలాయి గాని, ఆ ఫిల్మ్ హాళ్ళను విడిచి చాలాకాలమైంది. అదే 35 ఎం.ఎం. ఫిల్మ్ ఇప్పుడు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లోని అద్దెగదుల్లోకి, అపార్టుమెంట్లలోకి తిరిగి వస్తోంది. తాతగారి కెమెరాను అటకమీంచి దించి, తుడిచి, ఫిల్మ్ వేసి, దాన్ని తామే కడుక్కోవాలని ఉబలాటపడుతున్న యువతీయువకులు ఉన్నారు. ఆ కళ మీద నాకు గౌరవమే తప్ప విరోధం లేదు.

నా విరోధం మూడింటితో. ఒకటి, గాలి ఆడని స్నానాలగదిలో తలుపు బిగించుకొని రసాయనాలు కలపడం. రెండు, వాటిని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టుకోవడం. మూడు, పేరూ ఊరూ లేని పొడుల పొట్లాలను అమ్మడం, కొనడం. ఈ మూడూ మానితే ఇంట్లో ఫొటోలు కడుక్కోవడం వంటకన్నా పెద్ద ప్రమాదమేమీ కాదు. మానకపోతే ఆ మూల్యం కడిగేవాడొక్కడే చెల్లించడు. అదే ఇంట్లో తిరిగే పసిపిల్లవాడో, అదే గదిలో పడుకునే స్నేహితుడో చెల్లిస్తాడు. నేను కలం పట్టింది వారి కోసం.

"మా పెద్దవాళ్ళు చేయలేదా?" అనే వాదం

అన్నిటికన్నా ముందు వినిపించే వాదం ఇదే. "స్టూడియోలవాళ్ళు నలభై ఏళ్ళు ఉత్త చేతులతో ఫొటోలు కడిగారు, ఏమైంది?" ఏమైందో చర్మవ్యాధుల ఓ.పి.లో కూర్చున్న వైద్యుణ్ణి అడగండి. గోధుమరంగు తేలిన గోళ్ళు, పగుళ్ళు బారి రసి కారే వేళ్ళసందులు, సబ్బు తగిలినా భగ్గుమనే అరచేతులు, ఇవి స్టూడియో పనివారి చేతులు. నలుపు తెలుపు డెవలపర్‌లో ఉండే మెటాల్ అనే పదార్థం చర్మానికి అలర్జీ పుట్టిస్తుందని వైద్యశాస్త్రానికి శతాబ్ద కాలంగా తెలుసు. ఈ అలర్జీ స్వభావం విచిత్రమైనది. పది నెలలు ఏమీ కాదు, పదకొండో నెలలో మొదలవుతుంది. ఒకసారి శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే, ఆ తరువాత చుక్క తగిలినా చేయి వాచిపోతుంది. దాన్ని మరిపించే మందు లేదు. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు" అన్న మాట ఇక్కడ ధైర్యానికి ఆధారం కాజాలదు.

మన హైదరాబాదు ఫొటోగ్రఫీకి గొప్ప చరిత్ర ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపినవాడు. ఆ శతాబ్దంలో తడి పలకల పద్ధతిలో బొమ్మను స్థిరపరచడానికి ఫొటోగ్రాఫర్లు పొటాషియం సయనైడును కూడా వాడేవారు. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. పెద్దలు చేశారు కనుక మనమూ చేయవచ్చునంటే సయనైడుతో కూడా చేయాలి మరి! పెద్దలు దాన్ని వదిలిపెట్టి 'హైపో'కు, అంటే సోడియం థయోసల్ఫేటుకు మారారు. అది వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. అదే హైపోను శుద్ధి చేసి సయనైడు విషానికి విరుగుడుగా వైద్యులు నేటికీ రక్తనాళంలోకి ఎక్కిస్తారు. విషాన్ని వదిలి విరుగుడును పట్టుకున్న తెలివి పెద్దలది. వారినుంచి నేర్చుకోవలసింది ఆ తెలివిని. ఉత్త చేతులను కాదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నాబోటివారికి చీకటిగది కొత్త కాదు. డిజిటల్ యంత్రాలు రాకముందు ప్రతి ఎక్స్‌రే విభాగం వెనుకా ఒక చీకటిగది, అందులో ఒక డార్క్ రూమ్ అసిస్టెంటు ఉండేవారు. వారిలో ఆగని దగ్గు, తలనొప్పి, కళ్ళమంట, నోట్లో లోహపు రుచి గురించి చెప్పుకోనివారు అరుదు. 1980లలో న్యూజిలాండుకు చెందిన మార్జొరీ గోర్డన్ అనే రేడియోగ్రాఫర్ తన బాధలను బయటపెట్టాక, ఇటువంటి లక్షణాలకు 'చీకటిగది జబ్బు' అన్న పేరే వచ్చింది. దాని కారణాలపై పరిశోధకులు తరువాత వాదించుకున్నారు. అది వేరే సంగతి. గాలి సరిగా ఆడే చోట ఫిర్యాదులు తగ్గుతాయన్నది మాత్రం ఆ గదిలో ఒక పూట నిలబడ్డ ఎవరికైనా అనుభవమే.

స్నానాలగది ఎందుకు పనికిరాదు?

మన అపార్టుమెంట్లలో స్నానాలగది సుమారు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. అంటే 192 ఘనపుటడుగుల గాలి. చీకటిగదిలో గాలి గంటకు కనీసం పదిసార్లు పూర్తిగా మారాలన్నది ఈ రంగంలో చిరకాలంగా పాటిస్తున్న ప్రమాణం. లెక్క కడితే నిమిషానికి 32 ఘనపుటడుగులు. చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఈ పని సునాయాసంగా చేయగలదు. మరి చిక్కు ఎక్కడ? వెలుతురు రాకుండా మీరు తలుపు కింద తువాలు కుక్కుతారు, కిటికీకి నల్ల అట్ట బిగిస్తారు. వెలుతురును ఆపిన తువాలే గాలినీ ఆపుతుంది. లోపలికి గాలి రాని గదిలోంచి ఏ ఫ్యానూ గాలిని బయటికి లాగలేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది కనుక గాలి మారుతోందని మీరు నమ్ముతారు. ఆ నమ్మకమే ప్రమాదం.

ఆ మూసిన గదిలో ఏముంటుంది? ఫిక్సరు నుంచి సల్ఫర్ డయాక్సైడు, స్టాప్ బాత్ నుంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి. ఆస్తమా ఉన్నవారికి సల్ఫర్ డయాక్సైడు కొద్దిపాటిది చాలు, ఊపిరి బిగుసుకుపోవడానికి. మన ఎండాకాలంలో ద్రావణాలు వేడెక్కి ఆవిర్లు ఇంకా పెరుగుతాయి. కొందరు కరోనా నాటి మాస్కు పెట్టుకొని నిశ్చింతగా ఉంటారు. గుడ్డ మాస్కు గాని, సర్జికల్ మాస్కు గాని, చివరికి ఎన్-95 గాని వాయువులను ఆపదు. ఎన్-95 పొడి రేణువులను ఆపుతుంది, అంతే.

ఇంతకన్నా పెద్ద ముప్పు మన స్నానాలగది అరమీదనే కూర్చొని ఉంటుంది. టాయిలెట్ కడిగే యాసిడ్ ఒక పక్క, బ్లీచింగ్ పౌడరు మరో పక్క. హైపో మీద యాసిడ్ పడితే పాలలాగా తెల్లబడి గంధకం విడిపోతుంది, సల్ఫర్ డయాక్సైడు గుప్పుమంటుంది. బ్లీచింగ్ పౌడరుకు యాసిడ్ తగిలితే వచ్చేది క్లోరిన్, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను చంపిన వాయువు. ఫొటోల మరకలు వదిలించాలని పని ముగిశాక ఒకదాని తరువాత ఒకటి పోసి కడిగేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చీకటిగది సామాను మామూలు నీళ్ళతో, సబ్బుతో కడిగితే చాలు.

ఇక కరెంటు. తడి నేల, తడి చేతులు, పొడిగింపు తీగకు వేలాడే ఎర్రబల్బు, దానిపక్కన ఎన్‌లార్జరు. రసాయనం కన్నా ముందు విద్యుత్తే ప్రాణం తీసే అవకాశం ఉంది. కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆపే రక్షణ స్విచ్చు ఇంటి బోర్డులో లేకపోతే ఈ పనికి అసలు పూనుకోకండి. గ్యాస్ గీజరు ఉన్న స్నానాలగది అయితే ఇక మాట్లాడేదేమీ లేదు. మూసిన గదిలో గ్యాస్ గీజరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే మనిషిని నిద్రపుచ్చుతుంది.

ఫిల్మ్ కడగడానికి చీకటిగదే అక్కరలేదు

ఇక్కడ చాలామంది యువకులకు తెలియని ఒక సంగతి చెప్పాలి. ఫిల్మును రీలుకు చుట్టి డబ్బాలో పెట్టే కొద్ది నిమిషాలకే చీకటి కావాలి. ఆ పనికి చేతులు దూర్చే నల్ల సంచి ఉంది. దుకాణాల్లో దొరుకుతుంది. ఫిల్ము వెలుతురు చొరని ట్యాంకులో చేరి మూత పడ్డాక, డెవలపరు పోయడం, ఫిక్సరు పోయడం, నీళ్ళతో కడగడం అంతా పట్టపగలు వరండాలో చేసుకోవచ్చు, మేడమీద నీడపట్టునా చేసుకోవచ్చు. గాలికి కొదవ లేదు, కరెంటు భయం లేదు.

కాగితం మీద ఎన్‌లార్జరుతో బొమ్మలు వేసుకునేవారికి మాత్రమే చీకటిగది అవసరం. ఇంట్లో ఫిల్ము కడిగేవారిలో అధికులు నెగెటివును స్కాన్ చేసుకొని ఊరుకుంటారు. అంటే స్నానాలగదిలో తలుపు బిగించుకొని ఉక్కిరిబిక్కిరి అవుతున్నవారిలో ఎక్కువమందికి అక్కడ పనే లేదు! కేవలం సినిమాల్లో చూసిన ఎర్రదీపం మోజుకు ఊపిరితిత్తులను పణంగా పెట్టడం ఏమి వివేకం?

కూల్‌డ్రింక్ సీసా: మన ఇళ్ళలోని నిశ్శబ్ద హంతకి

క్యాజువాలిటీలో పనిచేసిన ఏ వైద్యుణ్ణయినా అడగండి. కిరోసిన్ తాగిన పిల్లవాడు, ఫినాయిలు తాగిన పిల్ల, యాసిడ్ గుక్కవేసిన ముసలాయన, ముగ్గురి కథలోనూ ఒకే పాత్ర ఉంటుంది. అది ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. మనది ఏ సీసానూ పారేయని సంస్కృతి. పొదుపు మంచిదే. కాని తాగే సీసాలో తాగకూడనిది పోయడం పొదుపు కాదు, పాపం. కొత్తగా కలిపిన డెవలపరు మంచినీళ్ళలా ఉంటుంది, పాతబడితే టీ రంగుకు తిరుగుతుంది. ఫిక్సరు నిమ్మషర్బతులా ఉంటుంది. రాత్రి పదకొండింటికి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకొని అలసి వచ్చిన రూమ్మేటు దాహంతో చేయి చాచేది ఏ సీసాకో ఆలోచించండి.

ఈ సీసా ఫ్రిజ్‌లోకి ఎలా చేరుతుందో కూడా చెబుతాను. నలుపు తెలుపు ఫిల్మును సుమారు 20 డిగ్రీల దగ్గర కడగాలని పుస్తకాలు చెబుతాయి. మే నెలలో మన మేడమీది ట్యాంకు నీళ్ళు చేయి కాల్చేలా ఉంటాయి. కనుక చల్లబరచడానికి సీసాను ఫ్రిజ్‌లో పెడతారు, పెరుగు గిన్నె పక్కన. వద్దు. బకెట్‌లో నీళ్ళు పోసి, మంచుగడ్డలు వేసి, మూత బిగించిన సీసాను అందులో నిలబెట్టండి. పావుగంటలో చల్లబడుతుంది. ఆ బకెట్‌ను మరే పనికీ వాడకండి. ఆహారం ఉండే ఫ్రిజ్‌లోకి ఫొటో రసాయనం ఏ రూపంలోనూ, ఏ సీసాలోనూ, ఒక్క గంటకైనా వెళ్ళకూడదు.

డెవలపరు మింగితే ఏమవుతుంది? అందులోని హైడ్రోక్వినోన్ తగు మోతాదులో మింగితే వణుకు, మూర్ఛలు, శ్వాస ఆగడం వంటివి సంభవిస్తాయి. డెవలపరు తాగి మరణించినవారి ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. రంగుల ఫిల్ము డెవలపర్లలోని మూలపదార్థం పారా-ఫెనిలీన్ డయమిన్ కుటుంబానికి చెందినది. ఈ పేరు తెలుగునాట వైద్యులకు దుఃఖంతో పరిచయం. తలకు వేసుకునే రంగు తాగి ఆత్మహత్యకు పాల్పడినవారిలో గొంతు వాచి ఊపిరి ఆడకపోవడం, కండరాలు కరిగి మూత్రం నల్లబడటం, మూత్రపిండాలు విఫలమవడం మేమందరం చూశాం. తలరంగులోని ఆ విషానికి ఇది దాయాది. కనుక "ఇది ఫొటో మందే కదా" అన్న తేలికమాట ఇకనైనా వదలాలి.

పరిష్కారం కష్టమైనది కాదు. ముదురు రంగు రసాయన సీసా, బిగుతైన మూత, దానిమీద తెలుగులో పెద్ద అక్షరాలతో 'విషం, తాగరాదు', కింద పదార్థం పేరు, కలిపిన తేదీ. తాళం వేసిన పెట్టె. పెట్టె నేలకు దగ్గరగా కాక, పిల్లల చేతికి అందని ఎత్తులోనూ, మీ కళ్ళకన్నా పైకి కాకుండానూ ఉండాలి. తలపైనుంచి సీసా దించేటప్పుడు ఒలికితే పడేది కంట్లోనే.

కలిపే వేళ

ద్రావణం కన్నా పొడి ప్రమాదకరం. డి-76 అనే ప్రసిద్ధ డెవలపరునే తీసుకోండి. 1927 నాటి సూత్రమిది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, మన నానమ్మలకు తెలిసిన వెలిగారం 2 గ్రాములు. నీళ్ళలో కలిశాక మెటాల్ వెయ్యికి రెండు పాళ్ళే. కాని తూచేటప్పుడు మీ ముక్కుకింద ఉన్నది నూటికి నూరుపాళ్ళ పొడి. కనుక తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపండి, తడి పాత పేపరు పరచండి, ఎన్-95 మాస్కు, కళ్ళకు పూర్తిగా కప్పే అద్దాలు, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. మందుల షాపులో దొరికే పల్చని లేటెక్సు తొడుగులు అలర్జీ ఉన్నవారికి అవే ఒక సమస్య. వాటిపై ఆధారపడకండి. చెమటకు తడిసిన తొడుగును గంటల తరబడి ఉంచుకోక మార్చండి. కాంటాక్టు లెన్సులు పెట్టుకొని ఈ పని చేయరాదు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు, చేతులపై గజ్జి లేదా పుండ్లు ఉన్నవారు దూరంగా ఉండటం ఉత్తమం.

వంటగదిలోని గరిటె, కొలతగ్లాసు, తక్కెడ, మిక్సీ జారు ఈ పనికి తేవద్దు. తెచ్చినవి తిరిగి వంటగదికి పోవద్దు. "బాగా తోమేశాను" అన్నది సాకు మాత్రమే. ఆ గదిలో టీ తాగడం, సిగరెట్టు కాల్చడం, వేలితో పేజీ తిప్పుతూ నాలుక తడి చేసుకోవడం, ఇవన్నీ చేతిమీది రసాయనాన్ని కడుపులోకి పంపే దారులే.

ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయరాదు. ఇంటర్మీడియట్‌లో అందరూ చదివిందే, అవసరానికి మరచేదీ ఇదే. అసలు స్టాప్ బాత్ కోసం గాఢ ఎసిటిక్ ఆమ్లం ఇంట్లో ఉంచనే అక్కర్లేదు. సుమారు 40 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి నిప్పు అంటుకునే స్థితికి వస్తుంది. మన మే నెల మధ్యాహ్నం గది వేడి ఎంతో మీకు చెప్పాలా? దానికి బదులు కిరాణాకొట్టులో దొరికే నిమ్మఉప్పు లీటరు నీటికి 15 గ్రాములు వేస్తే వాసన లేని స్టాప్ బాత్ తయారు. ఫిల్ముకైతే చాలామంది ఉత్త నీళ్ళతోనే సరిపెడతారు.

కొన్ని పదార్థాలు ఇంట్లో వద్దే వద్దు. పొటాషియం డైక్రోమేటు క్యాన్సరు కారకం. రంగు ఎక్కించడానికి వాడే సెలీనియం, సల్ఫైడు టోనర్లు, పాదరసపు లవణాలు, ఫార్మాలిన్, కాస్టిక్ సోడా పడే డెవలపర్లు, పైరోగాలల్ కూడా అంతే. సల్ఫైడుకు ఆమ్లం తగిలితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు మ్యాన్‌హోళ్ళలో కార్మికులను చంపే వాయువు. ఈ నగరంలో ఆ మరణాల వార్తలు చదవనివారు లేరు. ఆ వాయువును స్నానాలగదిలో తయారుచేసుకోకండి.

"సహజమైనది" అనే మాయ

మరికొందరు "మాది కాఫీతో కడిగే పద్ధతి, రసాయనాలే లేవు" అంటారు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ విద్యాసంస్థలో పుట్టిన పద్ధతి ఇది. ఇన్‌స్టెంట్ కాఫీ, బట్టల సోడా, విటమిన్-సి కలుపుతారు. మెటాల్‌తో పోలిస్తే సురక్షితమే, ఒప్పుకుంటాను. కాని బట్టల సోడా గాఢ ద్రావణం కంట్లో పడితే మంట కాదు, గాయమే. పైగా కాఫీలా కనబడి, కొంత కాఫీ వాసనా వేసే ద్రవం గ్లాసులో ఉంటే దాన్ని తాగబోయేవారు ఉండరా? ఆ తరువాత వేయవలసిన ఫిక్సరు ఎలాగూ ఫిక్సరే. 'సహజం' అన్న మాట సీసా మీది చీటీకి ప్రత్యామ్నాయం కాదు. గన్నేరు కూడా సహజమే.

వాడిన ఫిక్సరు ఎక్కడికి పోతోంది?

వాడిన ఫిక్సరులో వెండి కరిగి ఉంటుంది. లీటరుకు కొన్ని గ్రాముల దాకా ఉండవచ్చు. వెండి నీటిజీవులకు, మురుగునీటిని శుద్ధిచేసే సూక్ష్మజీవులకు పడదు. హుస్సేన్‌సాగర్ మిగులునీటి నాలా అశోక్‌నగర్ మీదుగా పోయి అంబర్‌పేట వైపు మూసీలో కలుస్తుంది. ఆ నాలా మోసే మురికి ఎంతో మనం రోజూ ముక్కు మూసుకొని చూస్తున్నదే. మీ ఒక్క లీటరు ఫిక్సరుతో మూసీ పాడైపోతుందని నేను భయపెట్టను. అది అబద్ధం. కాని "అందరూ పోస్తున్నారు, నేనూ పోస్తాను" అన్న న్యాయంతోనే మూసీ ఈ గతికి వచ్చింది.

ఇక్కడ ఒక వైపరీత్యం గమనించండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు ఎక్స్‌రే ఫిల్ము కడిగిన వెండి ద్రవాన్ని పసుపు వర్గంలో చేర్చాయి. ఆసుపత్రి దాన్ని విడిగా సేకరించి, శుద్ధి చేసిన తరువాతే విడవాలి. అదే స్వభావం గల ద్రవాన్ని ఇంట్లో వాడినవాడికి చెప్పే నాథుడు లేడు. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ఇంటి ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని పురపాలక సంస్థలను ఆదేశించాయి. మీ ప్రాంతపు కేంద్రం చిరునామా మీకు తెలుసా? తెలియకపోతే వార్డు కార్యాలయానికి వెళ్ళి అడగండి. నలుగురు అడిగితేనే నియమం కాగితం దిగి వీధిలోకి వస్తుంది.

అంతవరకు ఏం చేయాలి? వాడిన ఫిక్సరును విడి ప్లాస్టిక్ డబ్బాలో చేర్చి, గిన్నెలు తోమే ఉక్కుపీచు, అంటే తుప్పుపట్టే రకం, స్టెయిన్‌లెస్ రకం కాదు, అందులో వేసి బయట గాలిలో రెండు మూడు రోజులు ఉంచితే ఇనుము కరిగి వెండి అడుగున బురదగా దిగుతుంది. పైతేట నీటిని బాగా పలుచన చేసి మురుగు పైపులో పోయవచ్చు. వీధి కాలువలో, చెట్ల మొదట్లో, సెప్టిక్ ట్యాంకులో పోయరాదు. బురదను సీసాలో భద్రపరచి వెండి రాబట్టే వ్యాపారులకు ఇవ్వవచ్చు. వాడిన ఫిక్సరునూ డెవలపరునూ ఒకే డబ్బాలో కలపకండి.

జరగరానిది జరిగితే

కంట్లో పడితే: రెప్పలు విప్పి పట్టుకొని, ధారగా మంచినీళ్ళతో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కడగండి. ఆ తరువాతే ఆసుపత్రికి ప్రయాణం. పాలు, రోజ్ వాటర్, ఆముదం కంట్లో పోయకండి.

మింగితే: వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, నిమ్మరసం, పేడనీళ్ళు ఏవీ పట్టించకండి. గొంతును కాల్చిన పదార్థం తిరిగి పైకి వస్తే రెండోసారి కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. నోరు కడిగించి, 108కి ఫోన్ చేసి, సీసాను గాని పొట్లాన్ని గాని వెంట తీసుకొని క్యాజువాలిటీకి వెళ్ళండి. మీ ప్రాంతం వారికి గాంధీ ఆసుపత్రి దూరం కాదు. "ఏదో ఫొటో మందు తాగాడు" అంటే వైద్యుడు చీకట్లో తడుముకోవాలి. సీసా మీద పేరుంటే చికిత్స అప్పుడే మొదలవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఇరవైనాలుగు గంటలూ వైద్యులకూ ప్రజలకూ సలహా ఇస్తుంది. ఆ నంబరును ముందే తెలుసుకొని తలుపు మీద అతికించుకోండి.

వాయువు పీలిస్తే: బయటికి రండి, మళ్ళీ లోపలికి వెళ్ళకండి. దగ్గు తగ్గిందని నిశ్చింత పడవద్దు. కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలైతే అది అత్యవసరం.

ఎవరు ఏం చేయాలి?

రసాయనాలు అమ్మేవారికి: పాలిథిన్ కవరులో పొడి పోసి, స్కెచ్ పెన్నుతో రెండక్షరాలు గీకి అమ్మే అలవాటు మానండి. పూర్తి పేరు, తేదీ, ప్రమాదం, ప్రథమచికిత్స తెలుగులో ముద్రించిన చీటీ ఖరీదు ఎంత? ఒక పసిప్రాణం కన్నా ఎక్కువా? కొనేవారికి: చీటీ లేని పొట్లం ఎంత చౌకగా వచ్చినా కొనకండి. యాసిడ్ అమ్మకంపై 2013లో సుప్రీంకోర్టు కట్టడి విధించాక దుకాణదారులు గుర్తింపు కార్డు అడగాలన్న నియమం వచ్చింది. అంటే అమ్మేవాడికీ బాధ్యత ఉందన్న సూత్రాన్ని ఈ దేశపు చట్టం ఏనాడో ఒప్పుకుంది.

ఫొటోగ్రఫీ బోధించే విద్యాసంస్థలకు, ఫొటో క్లబ్బులకు: విడివిడిగా ఇరవైమంది ఇరవై స్నానాలగదుల్లో చేసే పనిని, గాలి ఆడే ఒక ఉమ్మడి చీకటిగదిలో, తెలిసినవారి పర్యవేక్షణలో చేసే ఏర్పాటు చేయండి. ఖర్చు తగ్గుతుంది, వాడిన ఫిక్సరు ఒకచోట చేరుతుంది, వెండి వెనక్కి వస్తుంది. నారాయణగూడలో వ్యాధి నివారణ పేరుమీదనే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. కుక్క కరిస్తే టీకాకు పరుగెత్తే చోటు అది. కుక్క కరవకముందే జాగ్రత్తపడటం నివారణ అయితే, సీసా మీద చీటీ అంటించడం కూడా నివారణే.

తల్లిదండ్రులకు, ఇంటి యజమానులకు: భయపడి పిల్లల చేతిలోంచి కెమెరా లాక్కోకండి. చాటుగా చేసే పని మరింత ప్రమాదం. వరండాలో ఒక మూల చూపించండి. తాళం వేసే పెట్టె కొనివ్వండి.

చివరగా మీకు. ఈ వ్యాసం చదవడం ముగించిన వెంటనే లేచి మీ ఇంట్లో ఒకసారి తిరగండి. మీరు ఫొటోలు కడిగేవారు కాకపోయినా సరే. తాగే సీసాలో తాగకూడనిది ఎక్కడ ఉన్నా, అది యాసిడ్ అయినా, ఫినాయిల్ అయినా, పెట్రోలు అయినా, ఈ రోజే తీయండి. రేపు ఆదివారం తీస్తాననకండి. పసివాడికి దాహం ఆదివారం దాకా ఆగదు.